సాటివాళ్లెవరు? (భాగం 14)



ఐసీయూల్లో నాణ్యత పెరగాలంటే పీర్ రివ్యూ కావాలంటున్నారు. అంటే సాటి ఆసుపత్రివాళ్లు వచ్చి మన పని చూసి, లోపాలు చెప్పడం. మంచిదే, నేను వద్దనను. 2015లో మొదలైన కాయకల్ప్‌లో ఈ పద్ధతి ఉంది. ముందు సొంత మదింపు, తర్వాత సాటి ఆసుపత్రి మదింపు, ఆఖర్న బయటివాళ్ల మదింపు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని కదా, నా పేచీ ఆ ఒక్క మాటతోనే. ఈ 'సాటి' ఎవరు? కుల సమాజంలో సాటివాడంటే పక్కన కూర్చోబెట్టుకోదగినవాడు. డాక్టరుకి డాక్టరు సాటి. నర్సుకి నర్సు సాటి. మరి శ్రీకాకుళం, విజయనగరం పట్నాలను తరాలుగా ఊడ్చిన మన రెల్లి అక్కకి సాటి ఎవరు?

వెంటిలేటర్ మీదున్న మనిషిని జబ్బే చంపాలని లేదు, ఇన్ఫెక్షన్ కూడా చంపుతుంది. అది చేతుల మీద, మంచం కమ్మీల మీద, తడిగుడ్డ మీద నడిచొస్తుంది. మూడు బకెట్ల పద్ధతిలో నేల తుడవాలని కాయకల్పే చెబుతుంది. మూడో బకెట్ ఇచ్చారా? గ్లవుజులు ఇచ్చారా? రాత్రి షిఫ్టులో ఎన్ని వార్డులు ఒక్కతే తుడుస్తోంది? ఇవన్నీ అక్కకి తెలుసు. మదింపుకొచ్చినవాళ్లు ఆమెని ప్రశ్నలడగొచ్చు. మార్కులేసే కుర్చీ మాత్రం ఇవ్వరు. కాంట్రాక్టరు చేతిలో కూడు పెట్టుకుని ఆమె నిజం ఎలా చెబుతుంది?

అందుకే నా డిమాండ్. మదింపు టీంలో పక్క ఆసుపత్రి పారిశుధ్య కార్మికురాలు సభ్యురాలుగా ఉండాలి. రిపోర్టు మీద ఆమె సంతకం ఉండాలి. నిజం చెప్పినందుకు ఎవరి పనీ పోదని రాసివ్వాలి.

దీన్ని దయ అనకండి. రోగి ప్రాణం దీనిమీదే ఉంది. ఊడ్చే మనిషిని సాటి అని ఒప్పుకోనంతకాలం జరిగేది సమీక్ష కాదు, పెద్దలు పెద్దలకి చేసుకునే మర్యాద.

జై భీమ్.