లారీ ఎవరిది?

క్రిందటేడు వేసవి సెలవుల్లో ఒకనాటి ఉదయం నేను వీధి అరుగు మీద కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుకొంటూ ఉండగా, మా వీధి చివరనుండే లారీ డ్రైవరు బొండాల గెల ఒకటి భుజాన వేసుకొని వచ్చాడు. మా కోనసీమలో బొండాల గెల ఊరికే రాదు. దాని వెనక పెళ్ళి శుభలేఖ అయినా ఉంటుంది, చేబదులు అయినా ఉంటుంది. కళ్ళజోడు పైకి తోసుకొని, "ఏమిటయ్యా విశేషం?" అన్నాను.

"ఆయ్... పెద్ద విశేషమేం లేదండి మేస్టారూ. కాయితాలండి. తమరోసారి చదివిపెట్టి, మంచిదనిపిస్తే ఒక్క సంతకం..." అని నసిగాడు.

అతను పదకొండేళ్ళుగా ఒకే ఆసామి దగ్గర లారీ తోలుతున్నాడు. అంబాజీపేటలో కొబ్బరికాయ ఎత్తడం, ఉత్తరాదికి తోలడం, అక్కడ ఏది దొరికితే అది వేసుకొని తిరిగి రావడం. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. ఇక్కడి కాయ నాలుగు రాష్ట్రాలు దాటాలంటే ఇటువంటి డ్రైవరు నిద్ర మానుకోవలసిందే. ఇప్పుడా ఆసామి, "ఎంతకాలమని జీతానికి తోలతావురా, బండి నువ్వే ఉంచుకో" అన్నాడట. ముందుగా రెండు లక్షలు, ఆపైన నెలకు 25,000 చొప్పున 48 నెలలు. ఆఖరు వాయిదా కట్టిన రోజున లారీ డ్రైవరుది. హామీ అక్కరలేదు.

రెండో కాగితం ఒక ఫైనాన్సు కంపెనీది. అదే లారీని పది లక్షలకు లెక్కగట్టి ఎనిమిది లక్షలు అప్పిస్తారు. నూటికి పది వడ్డీ, నాలుగేళ్ళు, నెలకు 23,333 రూపాయలు. దీనికి మాత్రం హామీదారు కావాలి. ఆ హామీదారు స్థానంలో నన్ను ఊహించుకొని ఆయన బొండాలు దింపించాడన్న మాట.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా, ఆసామి వ్రాయించిన స్టాంపు కాగితం చదవడానికి నా చదువు కొంత పనికివచ్చింది. దస్తావేజు తెలుగులో వాక్యం మొదటి పేజీలో మొదలై రెండో పేజీలో ముగుస్తుంది. విద్యార్థులకు చెప్పినట్లే నేనూ ముందు కర్త ఎవరా అని వెతుక్కొన్నాను. కట్టేవాడు డ్రైవరు. మరమ్మతులు చేయించేవాడు డ్రైవరు. ఇన్సూరెన్సు, టాక్సు భరించేవాడు డ్రైవరు. సి-బుక్కు మాత్రం ఆఖరుదాకా ఆసామి పేరున. వరుసగా రెండు వాయిదాలు తప్పితే బండి వెనక్కు. అప్పటిదాకా కట్టినదంతా అద్దె క్రింద జమ. అన్నిటికన్న అడుగున మరో చిన్న వాక్యం ఉంది: లోడు ఆసామి ట్రాన్సుపోర్టు ఆఫీసునుంచే ఎత్తాలి.

నేను ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగిపోయాను. "ఏమయ్యా, ఆయన ఒక నెల నీకు లోడు ఇవ్వకపోతే?"

"అలా ఎందుకు చేస్తారండి? పదకొండేళ్ళనుంచి తెలిసినోరు."

"చేస్తారని కాదు. చేస్తే?"

అతను మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నిలబడి మా ఆవిడతో మాట్లాడుతున్న అతని భార్య ఇటు తిరిగింది.

వాయిదా పుచ్చుకొనే చెయ్యి, లోడు ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు, డ్రైవరు బండికి యజమాని కావడం ఆ చేతి దయమీద ఆధారపడుతుంది. ఇది మా అమలాపురం సంగతే కాదు. అమెరికాలో పెద్ద పెద్ద రవాణా కంపెనీలు డ్రైవర్లకు ఇదే పద్ధతిలో ట్రక్కులు అంటగట్టి, లోళ్ళు కూడ తామే పంచుతూ ఉంటాయి. ఆ పథకాల మంచిచెడ్డలు చూడమని అక్కడ 2021 నాటి చట్టం క్రింద ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో, ఇటువంటి పథకాలను నిషేధించడమే మంచిదని సిఫారసు చేసింది. వాయిదాలు కట్టడం ప్రారంభించినవారిలో చివరికి ట్రక్కు సొంతం చేసుకొనేవారు బహు కొద్దిమంది అని వారికి తేలింది.

మన దేశంలో అద్దె-కొనుగోలు ఒప్పందాలకు ప్రత్యేకంగా ఒక చట్టం ఉండాలని పార్లమెంటు 1972లో ఒకటి చేసింది. అది ఒక్కనాడూ అమలులోకి రాలేదు. పెళ్ళిచూపులయి, తాంబూలాలు పుచ్చుకొన్నాక ముహూర్తం పెట్టని సంబంధంలాగ ముప్పై మూడేళ్ళు పడి ఉండి, 2005లో రద్దయిపోయింది. కనుక ఇటువంటి వ్యవహారంలో ఎక్కువ భాగం కాగితంలో ఏముంటే అదే.

ఇక ఫైనాన్సు వారి "నూటికి పది" సంగతి. మన ఇళ్ళల్లో వడ్డీ అంటే నెలకు నూటికి ఎంత అనే లెక్క. ఏడాదికి పది అంటే నెలకు 83 పైసలు, రూపాయి వడ్డీ కూడ కాదు కదా అని ఎవరికైనా సంతోషం కలుగుతుంది. కాని అది ఎనిమిది లక్షలమీద నాలుగేళ్ళూ సమానంగా వేసిన వడ్డీ. ఏడాదికి 80,000 చొప్పున నాలుగేళ్ళకు 3,20,000. అసలు నెలనెలా తీరుతూ ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలుమీదే నడుస్తుంది. ఆఖరు నెలలో బాకీ ఇరవై మూడువేలే అయినా వడ్డీ ఎనిమిది లక్షలకే! తగ్గే అసలుమీద లెక్క కడితే ఇది నెలకు దాదాపు రూపాయిన్నర వడ్డీ. ఏడాదికి నూటికి పదిహేడున్నర. ఆసామి ఒప్పందానికి అదే లెక్క వేస్తే రూపాయి ఎనభై పైసలు తేలింది. హామీ అక్కరలేదన్న మాటకు ఖరీదు అది.

రెండు కాగితాలూ ప్రక్కన పెట్టి, "ముందు నీ బండి లెక్క చెప్పు" అన్నాను. మా అబ్బాయి నోటుబుక్కు తెచ్చాడు. డీజిలు, టోలుగేట్లు, క్లీనరు బేటా, దారి ఖర్చులు పోను మంచి నెలలో 60,000 మిగులుతుందన్నాడు. వాయిదా తీసేస్తే 36,667. ముఖం విప్పారింది.

"మరి నీ జీతం వ్రాయలేదే?"

"నా బండికి నాకు జీతమేంటండీ!" అని నవ్వాడు.

అతని భార్య నవ్వలేదు. "ఇప్పుడు జీతం, బేటా కలిపి నెలకి ఇరవై రెండు వేలు ఇంటికొస్తన్నాయండి. అవి రాకపోతే పిల్లల ఫీజులు ఏం పెట్టి కడతామండి?" అంది.

అది కూడ తీసేస్తే మిగిలింది 14,667. దానిలోనే ఇన్సూరెన్సుకు, పర్మిటుకు, టాక్సుకు నెలనెలా ప్రక్కన పెట్టాలి. బండి వయస్సు ఎనిమిదేళ్ళు దాటింది కనుక ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఏడాదికొకసారి తెచ్చుకోవాలి. టైర్లు ఉండనే ఉన్నాయి. ఇదంతా మంచి నెల మాట. కాయ ధర పడిపోయి వర్తకులు సరుకు కదల్చని నెలలో ఎంత మిగులుతుందంటే, 35,000 అన్నాడు. వాయిదా పోను 11,667. ఇంటికి వచ్చే జీతంలో సగం చిల్లర. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలు మునిగినప్పుడు పదిహేను రోజులు బండి కదల్లేదని తనే జ్ఞాపకం చేసుకొన్నాడు. ఆనాడు జీతం ఆసామి ఇచ్చాడు. రేపు ఆ ఆసామి తనే.

బండి ఆగుతుంది గాని వాయిదా ఆగదు. 2020లో కరోనా లాక్‌డౌను రోజులలో రిజర్వు బ్యాంకు ఆగస్టు నెలాఖరుదాకా వాయిదాలకు గడువు ఇప్పించింది. ఆ గడువుకూ వడ్డీ నడుస్తూనే ఉంది.

ఆ సాయంకాలం ఇద్దరమూ కలిసి ఆసామి దగ్గరకు వెళ్ళాము. ఆయన చెడ్డవాడు కాడు. కాఫీ ఇప్పించాడు. సి-బుక్కు ఇప్పుడే డ్రైవరు పేరు మార్పించి, రావలసిన డబ్బుకు వేరే నోటు వ్రాయించుకోమన్నాను. "నమ్మకం లేదా మేస్టారూ?" అన్నాడు. "నమ్మకం రెండు వైపులా ఉండాలి కదండీ. పైగా బుక్కు మీ పేరున ఉన్నంతకాలం ప్రమాదమేదైనా జరిగితే జవాబు చెప్పవలసింది మీరే. రికార్డులో ఎవరి పేరుంటే వారే ఓనరని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాలుగేళ్ళు నెలనెలా పుచ్చుకొనేకంటే పది లక్షలూ ఒక్కసారే చేతికొస్తే నాకూ సుఖమే. ఫైనాన్సు చూసుకోమనండి" అన్నాడు. లోడు షరతు ఆ మాటతో పోయింది.

ఇక నా సంతకం మిగిలింది. హామీ అంటే మాటసాయం అనుకొంటారు చాలామంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా వ్రాసుకొంటే తప్ప, బాకీదారు బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. అతను కట్టకపోతే తిన్నగా నన్నే అడుగుతారు. ఆ రాత్రి ఈ సంగతి మా ఆవిడతో చెప్పాను. మా అమ్మాయి పెళ్ళికని దాచుకొన్న డబ్బు ఇద్దరికీ గుర్తు వచ్చింది. చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి ఆవిడే, "లెక్క వ్రాసుకొంటానంటే పెట్టండి" అంది.

రెండు షరతులమీద పెట్టాను. చీటీ పాట డబ్బు రెండు లక్షలూ ముందస్తుకు పోయాయి. ఆమె మెడలో గొలుసు మాత్రం బండి కొనడానికి తాకట్టు పెట్టకూడదు, బండి ఆగిన రోజుకు ఉంచుకోవాలి. రెండోది, ప్రతి ట్రిప్పు లెక్కా నోటుబుక్కులో వ్రాయాలి, జీతంతో సహా.

పద్నాలుగు నెలలయింది. రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. అపరాధ రుసుమును వడ్డీలో కలిపి పెంచకూడదని రిజర్వు బ్యాంకు 2023లో నిబంధన పెట్టింది కనుక, వేసినదానికి వివరం అడిగి మరీ కట్టాము. బాకీ పడ్డవారి బండిని గూండాలను పంపి లాక్కోవడం తప్పని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పిందని అతనికి చెప్పి ఉంచాను, అంతవరకూ రాలేదు. ఒకసారి నాలుగు టైర్లకు గొలుసు తాకట్టుకు వెళ్ళి, మూడు నెలలకు తిరిగి వచ్చింది.

మొన్న అడిగాను, లాభంగా ఉందా అని. "ఇప్పటికయితే జీతమే నయమండి. ఆ ముప్పై నాలుగు వాయిదాలూ తీరితే అప్పుడు చూడాలండి" అన్నాడు. అది నిజం. అప్పటికి లారీకి పన్నెండేళ్ళు నిండుతాయి. దానికి ఓపిక ఉండాలి, ఇతనికీ ఉండాలి.

ఈ శీర్షిక చదివే ఇళ్ళలో లారీలు తోలేవారు తక్కువే కావచ్చు. లారీ పెట్టి డ్రైవరుకు ఒప్పగించేవారు ఉంటారు, సంతకం పెట్టమని అడిగించుకొనేవారు ఉంటారు. సంతకానికి ముందు బుక్కు ఎవరి పేరునో, లోడు ఎవరి చేతిలో ఉందో, ఖాళీ నెల ఎవరిదో అడగండి. 2024 అక్టోబరునుంచి ఇటువంటి అప్పులకు అసలైన వడ్డీ రేటు, ఖర్చులు చూపే ముఖ్యాంశాల పత్రం ముందే ఇవ్వాలి, తీసుకొని చదవండి. ఆఖరు వాయిదా కట్టాక ఫారం 35 మీద సంతకాలు చేయించి, రవాణా ఆఫీసులో బుక్కుమీద ఫైనాన్సు పేరు కొట్టించుకోవడం మరచిపోకండి. బాకీ తీరినా ఆ పేరు ఉన్నంతకాలం బండి అమ్ముకోలేరు.

అతను మాత్రం నెలకొకసారి నోటుబుక్కు పట్టుకొని వస్తున్నాడు. బొండాలు తేవద్దని చెప్పాను. లెక్కలో వ్రాయవలసి వస్తుందని.