సైరన్ మోగితే ఎవరొస్తారు?

చిలకలగూడలో కట్టమైసమ్మ గుడి దాటి సందులోకి తిరిగితే మా పిన్ని ఇల్లు. బోనాలప్పుడు అక్కడ నిలబడ్డానికి చోటుండదు గానీ, మామూలు రోజుల్లో మధ్యాహ్నమైతే పిట్ట కూడా పలకదు. ఇంట్లో పిన్నీ బాబాయీ ఇద్దరే. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. కిందటేడు వచ్చినప్పుడు వీధి తలుపు పక్కన గోడకి అలారం కీప్యాడ్ పెట్టించి, "ఏదైనా అయితే ఈ ఎర్ర మీట నొక్కమ్మా" అని చెప్పి విమానమెక్కాడు.

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం బాబాయికి గుండె నొప్పి వచ్చింది. పిన్ని పరుగున వెళ్లి మీట నొక్కింది. ఏమీ కాలేదు! తట్టి వదిలేసింది మరి. దాన్ని కాసేపు అలాగే నొక్కి పట్టుకోవాలని ఆవిడకి ఎవరు చెప్పారు గనక? రెండోసారి గట్టిగా పట్టుకుంటే సైరన్ మోగింది. మోగుతూనే ఉంది, ఒక్కరూ రాలేదు. పాలబ్బాయికి తలుపు తీసినా మోగే సైరనే కదా, "మళ్లీ మొదలెట్టింది" అనుకున్నారు ఇరుగుపొరుగు. అలారం నుంచి ఫోనైతే వెళ్లింది, అదీ అబ్బాయి ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకి! చివరికి మేడమీద అద్దెకున్న అమ్మాయి ఆరిన బట్టలు తీయడానికొచ్చి, పిన్ని కేక విని 108కి ఫోన్ చేసింది. గాంధీ ఆసుపత్రి దగ్గరే కాబట్టి గండం గడిచింది. బాబాయి ఇప్పుడు కులాసా.

తప్పు అలారానిది కాదు. మన ఇళ్లలో పెట్టే అలారాలు చాలావరకు పోలీసు స్టేషనుకి కలిపి ఉండవు. సైరన్ మోగిస్తాయి, మనమిచ్చిన నంబర్లకి కబురు పంపుతాయి. అంతే! ఆ కబురు అందుకుని పరుగెత్తుకొచ్చే మనిషిని మనమే చూసుకోవాలి.

మీ ఇంట్లోనూ ఉంటే ఈ నాలుగు విషయాలూ ఓసారి చూసుకోండి.

ఒకటి: ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టేది 'ఎవే'. మనం లోపలుండగా పెట్టుకునేది 'స్టే'. స్టేలో తలుపులూ కిటికీలూ మాత్రమే కాపలాలో ఉంటాయి, మీరు రాత్రి మంచినీళ్లకి లేచినా గోల చేయదు. చాలామంది ఊరెళ్లేటప్పుడే అలారం పెడతారు. ఒంటరిగా ఉండే మధ్యాహ్నానికే స్టే ఎక్కువ అవసరం!

రెండు: చాలా కీప్యాడ్లలో మంటలకి, వైద్యానికి, పోలీసుకి వేరువేరు మీటలుంటాయి. పొరపాటున తగిలితే మోగకుండా రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకునేలా చేస్తారు. కొన్నిటిలో రెండు మీటలు కలిపి నొక్కాలి. మీ దానిలో ఎలాగో బిగించిన మనిషిని అడిగి, అత్తగారి చేత, పిల్లల చేత కూడా నొక్కించి చూడండి.

మూడు: కొన్ని అలారాలకి రెండు కోడ్‌లు ఉంటాయి. ఎవడో పక్కనే నిలబడి బెదిరించి అలారం ఆపమన్నాడనుకోండి, రెండో కోడ్ కొడితే ఆగినట్టే ఆగుతుంది. లోలోపల మాత్రం మీవాళ్లకి కబురు వెళ్లిపోతుంది. దీన్ని డ్యూరెస్ కోడ్ అంటారు. మీ దానిలో ఉందేమో కనుక్కోండి. ఇక మామూలు కోడ్ 1234 గానో, పుట్టిన సంవత్సరం గానో ఉంటే ఈరోజే మార్చేయండి. పసుపు చేతులతో నొక్కకండి సుమా! ఆ నాలుగు అంకెలేవో దొంగకి మీరే బొట్టు పెట్టి చూపించినట్టవుతుంది.

నాలుగు: కరెంటు పోయినా పనిచేయడానికి లోపల బ్యాటరీ ఉంటుంది. అది కలకాలం ఉండదు, కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. నెలకోసారి పక్కింటివాళ్లకి ముందే చెప్పి సైరన్ మోగించి చూడండి. ఆ రోజే కబురు వెళ్లే నంబర్లు కూడా సరిచూసుకోండి. మొదటి నంబరు అమెరికాది కాదు, పక్కవీధిది ఉండాలి.

ఇవన్నీ ఉన్నా 112 మరిచిపోవద్దు. పోలీసు, అగ్నిమాపకం, అంబులెన్సు మూడింటికీ ఆ నంబరు ఒక్కటే చాలు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన 108 ఎలాగూ ఉంది. ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాసి కీప్యాడ్ పక్కనే అంటించండి. కంగారులో కంటికి ఆనాలి కదా!

పిన్ని ఇప్పుడేం చేసిందో తెలుసా? పాలబ్బాయి వచ్చే వేళకి ముందే అలారం తీసేస్తోంది. మొదటి నంబరు మేడమీద అమ్మాయిది పెట్టించింది. పక్కిళ్లవాళ్లని కాఫీకి పిలిచి, "ఇకమీదట ఇది మోగితే నిజంగానే మోగిందనుకోండమ్మా" అని చెప్పింది. అలారానికైన ఖర్చు మాటేమో గానీ, ఆ కాఫీ ఖర్చుతో అది పనికొచ్చే వస్తువైంది.

మరి మీ ఇంట్లో సైరన్ మోగితే ముందు వచ్చేదెవరు? ఈ ఆదివారం వంట కాగానే ఆ సంగతి తేల్చుకోండి.