ఐదుగురు అమ్మాయిలు, ఒక అద్దె ఇల్లు

కొరియా సీరియళ్ళంటే మన పెద్దలకు చిరాకు. "మన సీరియళ్ళు చాలక ఆ చైనావాళ్ళవి కూడానా?" అంటారు. కొరియా వేరు, చైనా వేరు అని చెప్పబోతే ఫోను లాక్కుంటారు. ఇటు మనలో కొందరేమో ఆ హీరోల జుట్టు దగ్గర, నూడుల్స్ గిన్నె దగ్గర ఆగిపోయారు. ఈ ఇద్దరితోనూ మేము ఏకీభవించలేము. ఆ సీరియళ్ళలో ఆడపిల్లల స్నేహాన్ని కథావస్తువుగా తీసుకున్నవి కొన్ని ఉన్నాయి. హాస్టల్లో చదివే మనం చూడవలసినవి అవే.

2016లో జె.టి.బి.సి. అనే కొరియా చానల్లో 'హలో, మై ట్వంటీస్' 12 భాగాలుగా వచ్చింది. 2017లో రెండో విడత 14 భాగాలు. సియోల్ నగరంలో ఒక అద్దె ఇంట్లో ఐదుగురు అమ్మాయిలు కలిసి ఉంటారు. కథ అంతే. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఉన్‌జే సీనియర్ల ముందు నోరు విప్పలేదు. అన్నీ లోపల కుక్కుకొని కుక్కుకొని ఒకరోజు ఏడ్చేస్తుంది. పామూరు నుంచో, వెలిగండ్ల నుంచో ఇనుప పెట్టెతో దిగిన మొదటి నెలలో మనలో ఎవరు అలా లేరు? జిన్‌మ్యోంగ్ అనే అమ్మాయికి 28 ఏళ్ళు. తోటివాళ్ళ చదువులు ఎప్పుడో అయిపోయాయి. తమ్ముడు ఏళ్ళ తరబడి స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు. ఆమె కూలి పనులు చేసుకుంటూ చదువుతూనే ఉంటుంది. నవ్వడానికి తీరిక లేని మనిషి. పేద అమ్మాయిని అందరూ జాలిపడే బొమ్మగా చూపించకుండా, అలసిపోయిన మనిషిగా చూపించారు. అది మాకు బాగా నచ్చింది.

ఇంకొక అమ్మాయి యేఉన్. ఆమె ప్రేమించిన అబ్బాయి ఆమెను చిన్నబుచ్చుతాడు, చివరికి చెయ్యి చేసుకుంటాడు, బంధిస్తాడు. మన సినిమాల్లో చాలాకాలం ఇలా వెంటపడి వేధించినవాడే హీరో. ఇక్కడ ఆమెను వెతుక్కుంటూ వెళ్ళేది అదే ఇంట్లో ఉండే స్నేహితురాళ్ళు. అంతటితో కథ అయిపోలేదు. రెండో విడతలో కూడా ఆ పిల్లకు ఒంటరిగా బయటికి వెళ్ళాలంటే భయమే. ఆ భయం పోవడానికి ఎంతకాలం పడుతుందో, పక్కనుండేవాళ్ళకు ఎంత ఓపిక కావాలో తొందరపడకుండా చూపించారు.

మన తెరమీద స్నేహితురాలంటే ఎవరు? హీరోయిన్ పక్కన పుస్తకాలు పట్టుకొని నడిచే అమ్మాయి. ఉత్తరం అందించి వెళ్ళిపోతుంది. ఆమెకు ఊరు లేదు, అమ్మానాన్నలు లేరు, ఒక్కోసారి పేరు కూడా ఉండదు. చిత్రమేమిటంటే కొరియా నుంచే వచ్చిన ఒక కథను మనవాళ్ళు అమ్మాయిల కథగా మార్చారు. 2017 నాటి 'మిడ్‌నైట్ రన్నర్స్' సినిమాలో పోలీసు శిక్షణ పొందే ఇద్దరు అబ్బాయిలుంటే, 2022లో వచ్చిన తెలుగు 'శాకిని డాకిని'లో రెజీనా, నివేదా థామస్ ఆ పాత్రలు వేశారు. మంచి ప్రయత్నమే. అయితే అది నేర పరిశోధన కథ. ఇద్దరు అమ్మాయిలు స్నేహితులు కావడానికి అంత పెద్ద నేరం జరగాలా? మెస్సులో ఒక కంచంలో తింటే చాలదా? సాహిత్యం ఈ విషయంలో ముందుంది. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను కలుసుకొని మాట్లాడుతుంది. శత్రువులని మనం నమ్మిన ఇద్దరు స్త్రీలు! ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో అలాంటి పుస్తకం ఒకటి ఉండాలని వార్డెన్ గారికి మనవి.

ఇదంతా కాలక్షేపం గొడవ కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్ళకు స్నేహితురాలు అంటే ఇంట్లో దొరకని మనిషి. పి.జి. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో మా నాన్నలకు తెలియదు, వాళ్ళు బేల్దారి పనికో, కూలికో వలస పోయి ఉంటారు. చెప్పింది గదిలోని అమ్మాయి. ఫీజుకు తక్కువైన డబ్బు ఇచ్చింది ఆమే. ఇంటర్ అవగానే సంబంధం చూశారని ఏడుస్తుంటే, "ముందు పరీక్షలు రాయి, తర్వాత ఏడుద్దాం" అని హాల్ టికెట్ తెచ్చి చేతిలో పెట్టిందీ ఆమే. ఆ కొరియా సీరియల్లో కులం మాట రాదు. హాస్టల్ అమ్మాయి అనగానే తరగతిలో బెంచీ మీద కొంచెం పక్కకు జరిగే పిల్లలుండరు. మన కథ మనమే రాస్తే తప్ప అవి ఎక్కడా కనిపించవు.

2015–16లో వచ్చిన 'రిప్లై 1988' అనే మరో సీరియల్లో ముగ్గురు తల్లులు సందులోని బల్లమీద కూర్చొని కూరగాయలు బాగుచేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్ళతో వేగిన మన కనిగిరి పల్లెల్లో, నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెలు వరుసలో పెట్టి అమ్మలు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. కానీ మీ చిన్ననాటి స్నేహితురాలెవరని అమ్మను అడిగి చూడండి. పేరు చెబుతుంది, ముఖం వెలుగుతుంది. "ఇప్పుడెక్కడుంది?" అంటే, "ఏ ఊరికిచ్చారో ఏమో" అంటుంది.

మాకు భయమేసేది ఆ మాటకే. మా సీనియర్లలో పెళ్ళయినవారి ఫోన్ నెంబర్లు చాలావరకు ఇప్పటికే పనిచేయడం లేదు. మగపిల్లల స్నేహాలు టీ కొట్టు దగ్గర ఎన్నేళ్ళయినా సాగుతాయి, ఎవరూ అడ్డు చెప్పరు. ఆడపిల్లల స్నేహం మాత్రం హాస్టల్ ఖాళీ చేసిన రోజుతో సరి అని అందరూ ముందే అనేసుకున్నారు.

అందుకే ఈ వార్షికోత్సవ సందర్భంగా ఒక ప్రతిపాదన. ఆఫీసు గదిలో ఒక లాంగ్ నోటుబుక్కు పెడదాం. హాస్టల్ వదిలి వెళ్ళే ప్రతి అమ్మాయీ అందులో తన పేరు, ఊరు, చదువు, నెంబరు రాయాలి. ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో వార్డెన్ గారే నిర్ణయించాలి. ఆ నెంబరు నాన్నదో, అన్నదో, రేపటి భర్తదో కాకూడదు, తనదే అయి ఉండాలి. వేడుకకు వచ్చిన పాత విద్యార్థినులు భోజనాలకు లేచే ముందే అందులో రాయాలని కోరుతున్నాం. పుస్తకం, పెన్ను మేమే కొని తెస్తాం.