జాబ్ మానేసి టెలికాంలో ఎంటెక్? ముందు ఇవి చూసుకోండి

ఈసీఈ చదివి జావా కోడ్ రాసేవాళ్లు మా ఆఫీసులో ప్రతి వరుసలోనూ ఉంటారు. నేనూ ఆ బ్యాచే. ‘టెలికాంలో ఎంటెక్ చేసి మన బ్రాంచ్‌కి వెళ్లిపోతా బ్రో’ అనే మాట టీ దగ్గర తరచూ వింటుంటాను. మరి మన దేశంలో దానికి ఏం కావాలి?

మొదట కోర్సు పేరు. ‘టెలికమ్యూనికేషన్’ అని మాత్రమే వెతికితే చాలా కోర్సులు కనబడవు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అది టెలికమ్యూనికేషన్ సిస్టమ్స్ ఇంజినీరింగ్. వరంగల్ ఎన్ఐటీలో అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ సిస్టమ్స్. అందుకే పేరు చూసి వదిలేయకుండా సిలబస్ తెరిచి చూడండి.

తర్వాత మార్కులు. ఎన్ఐటీల సీట్లు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో ఇస్తారు. దానికి బీటెక్‌లో 6.5 సీజీపీఏ గానీ 60 శాతం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకైతే 6.0 లేదా 55 శాతం చాలు. ఐఐటీలకు మాత్రం దేనికది విడిగా అప్లై చేసుకోవాలి, సీఓఏపీలో కూడా రిజిస్టర్ అవ్వాలి.

అసలు గేటు ‘గేట్’ పరీక్షే. ఈసీ పేపర్ మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఆప్టిట్యూడ్‌కి 15, మ్యాథ్స్‌కి సుమారు 13. అంటే పుస్తకాలు పక్కనపెట్టి ఏళ్లయినవాళ్లు కూడా ముందు ఈ 28 మార్కులతో మొదలుపెట్టొచ్చు. ఆప్షన్లు ఒకటే కరెక్ట్ అయ్యే ప్రశ్నల్లో తప్పు రాస్తే కోత ఉంటుంది, నంబర్ టైప్ చేసే ప్రశ్నలకు ఉండదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ప్రిపరేషన్ కోసం ఇవాళే రిజైన్ చేయక్కర్లేదు. థర్డ్ ఇయర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు కూడా రాయొచ్చు.

ఇక ఏ నోటిఫికేషన్‌లోనూ పెద్దక్షరాల్లో కనబడనివి రెండున్నాయి. ఒకటి ప్రాబబిలిటీ. గాల్లో వచ్చే సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా వస్తుంది. అందులోంచి పంపిన బిట్ ఏదో ఊహించడమే ఈ సబ్జెక్ట్‌కి ప్రాణం. ర్యాండమ్ ప్రాసెస్ అర్థం కాకపోతే మొదటి సెమిస్టరే కొండలా అనిపిస్తుంది. రెండోది డబ్బు. గేట్‌తో ఫుల్‌టైమ్‌లో చేరినవాళ్లకి వచ్చే స్టైపెండ్ నెలకి 12,400 రూపాయలు. ఈఎంఐ ఉన్నా, ఇంటికి డబ్బు పంపాల్సి ఉన్నా, రెండేళ్ల లెక్క ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. సీటొచ్చాక మొదలుపెడితే అది గొడవే అవుతుంది.

ఈ శనివారం ఒక పని చేయండి. పాత గేట్ పేపర్లు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ఒకటి తీసి, టైమర్ పెట్టుకుని రాయండి. మార్కులు తక్కువొస్తే ఏం పర్లేదు. తప్పుపోయిన కమ్యూనికేషన్స్ ప్రశ్నల సొల్యూషన్ చదవాలనిపించిందా? అయితే అప్లై చేయండి. పేపర్ మూసేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నారా? మీకు కావాల్సింది ఎంటెక్ కాదు, వేరే టీమ్!