ఒక్క తూటా పేలలేదట!

1948 అక్టోబరు 19న మంచూరియాలోని చాంగ్‌చున్ నగరం కమ్యూనిస్టు సైన్యం వశమైంది. కత్తికి నెత్తురంటని గెలుపని చైనా అధికార చరిత్ర రాసుకుంది. మన సమావేశాల్లో, భోజనాలయ్యాక, ఆ మాటనే అప్పగించే మిత్రులున్నారు. వారితో మేము ఏకీభవించలేము.

తూటాల అవసరం రాలేదు, నిజమే. ఆ పని ఆకలి చేసిపెట్టింది. మే నెలాఖరు నుంచి దాదాపు ఐదు నెలలు లిన్ బియావో సేనలు ఊరిని చుట్టుముట్టి కూర్చున్నాయి. లోపల చాంగ్ కై షేక్ సైనికులు లక్షమంది దాకా, పౌరులు అంతకు ఎన్నో రెట్లు. విమానాల నుంచి జారవిడిచిన బియ్యం సైనికుల పాలయ్యేది. తినే నోళ్లు తగ్గితే చాలునని లోపలివారు జనాన్ని బయటకు తోశారు. నోళ్లు తగ్గితే ముట్టడి సాగుతుందని బయటివారు వారిని వెనక్కు తరిమారు. రెండు కాపలాల నడుమ, గడ్డీ ఆకులూ తిని, అవీ అయిపోయాక అక్కడే పడి చచ్చిపోయారు. ఏడేళ్ల పిల్లగా అందులో చిక్కి బ్రతికి బయటపడిన జపాను రచయిత్రి ఎండో హొమారె 1984లో ఆ నరకాన్ని పుస్తకంగా రాసింది. చనిపోయినవారు లక్షకు పైనే అంటారు; 3 లక్షలన్నవారూ ఉన్నారు.

"బియ్యం దోచింది చాంగ్ సేనలే కదా" అంటారు మిత్రులు. దోచాయి, కాదనము. మరి బయటి కంచె దగ్గర తుపాకి పట్టుకు నిలబడ్డది ఎవరు? శరదృతువులో కాపలా సడలించి కొందరిని వదిలారన్నదీ నిజమే. వేసవిలో పోయినవారికి దానివల్ల ఒరిగిందేమిటి?

చైనా గొడవ మనకెందుకంటారా? అదే 1948లో మన ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు చైనా బాటే శరణ్యమని తమ పార్టీకి రాసి పంపారు. తెలంగాణ పల్లెల్లో అప్పుడు పోరాటం సాగుతోంది. చాంగ్‌చున్‌లో ఏం జరుగుతున్నదో వారికి తెలిసే దారి లేదు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అడుగడుగునా లైబ్రరీలున్న దేశంలో కూర్చుని, ఇన్నేళ్ల తరవాత కూడా "తూటా పేలలేదు" అనేవారికి ఆ సాకు చెల్లదు.

చైనా సైన్యంలోనే పనిచేసిన జాంగ్ జెంగ్‌లొంగ్ ఈ సంగతులు 1989లో పుస్తకంగా వేస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఊరు అప్పగించి లొంగిపోయిన చాంగ్ సేనాని జెంగ్ డొంగ్గువోకు మాత్రం కొత్త ప్రభుత్వంలో పదవులు దొరికాయి. ఎనభై దాటి బ్రతికి, 1991లో బీజింగులో పోయాడు.