వేలానికి ముందు పత్రిక కొనాలా, వద్దా?



వచ్చే ఐపీఎల్‌కు ముందు బ్రూస్‌పేటలో మనవాళ్ళు పెట్టుకునే ఉత్తుత్తి వేలం గురించి గ్రూపులో మాటలు గట్టిగానే నడుస్తున్నాయి. జట్టుకొక క్రికెట్ ప్రత్యేక సంచిక సంఘం డబ్బుతో కొనివ్వాలని కొందరు, అది దండగ ఖర్చని కొందరు. డబ్బులు కట్టి టెలిగ్రామ్ చానల్లో చేరితే ‘పక్కా టీం’ వాళ్ళే పంపుతారు కదా అని ఇంకొందరు. ఈ మూడింటి మీదా మా అభిప్రాయం చెబుదామని కూర్చున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ముందు ఆట సంగతి. ఎనిమిది జట్లు. జట్టుకు 100 పాయింట్లు, ఆ పాయింట్లతోనే 12 మంది ఆటగాళ్ళను వేలంలో కొనుక్కోవాలి. పరుగుకు 1, వికెట్టుకు 25, క్యాచ్‌కు 8. ప్రవేశ రుసుము లేదు, పందెం లేదు. గెలిచినవాళ్ళకు శాలువా, ఆఖరున నిలిచినవాళ్ళు అందరికీ ఉగ్గాని-బజ్జి పెట్టించాలి. అంతే.

ఈ రకం ఆట మన దగ్గర పుట్టింది కాదు. 1962లో అమెరికాలో ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన, స్నేహితులతో కలిసి వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ మీద దీన్ని మొదలుపెట్టాడు. నిజం ఆటగాళ్ళను కాగితం మీద పంచుకుని, వాళ్ళు మైదానంలో ఆడినదాన్ని బట్టి లెక్క వేసుకునేవాళ్ళు. తర్వాత దీనికోసమే పత్రికలు వచ్చాయి. ఇంటర్నెట్ లేని కాలంలో అక్కడి అభిమానికి ఆ పత్రికే దిక్కు. అయితే అక్కడ సీజన్ సెప్టెంబరులో మొదలైతే, పత్రిక ఎండాకాలంలోనే అచ్చుకు పోవాలి. ఈ మధ్యలో ఎవడి మోకాలు విరిగినా పత్రికలో వాడు మొదటి వరుసలోనే ఉంటాడు. అందుకే పత్రిక కొనాలా వద్దా అనే వాదన అక్కడా పాతదే. మనకిప్పుడు వచ్చింది.

అచ్చు పాతబడటం అంటే ఏమిటో 2025 సీజన్ చూస్తే తెలుస్తుంది. సీజన్ మార్చి 22న మొదలైంది. హ్యారీ బ్రూక్ అంతకు కొద్ది రోజుల ముందే రానని చెప్పేశాడు. బుమ్రా మొదటి మ్యాచ్‌లకు లేడు. రుతురాజ్ గైక్వాడ్ మోచేతి దెబ్బతో ఏప్రిల్‌లోనే సీజన్‌కు దూరమయ్యాడు. మే 9న టోర్నీయే ఆగిపోయి 17న మళ్ళీ మొదలైంది, విదేశీ ఆటగాళ్ళు కొందరు తిరిగి రాలేదు. ఇందులో ఏ ఒక్కటీ ఫిబ్రవరిలో అచ్చయిన కాగితానికి తెలిసే వీలు లేదు. అది రాసినవాళ్ళ తప్పూ కాదు.

పైగా పేరు, ధర చూసి కొంటే ఏమవుతుందో కూడా ఆ ఏడాదే చూశాం. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లు పలికాడు. సీజన్ మొత్తానికి చేసింది 269 పరుగులు, అందులో 118 ఆఖరి మ్యాచ్‌లోనివే. అదే వేలంలో ప్రసిద్ధ్ కృష్ణ 9.5 కోట్లకు గుజరాత్‌కు వెళ్ళాడు. గాయాలతో 2023, 2024 సీజన్లు ఆడనే లేని మన కర్ణాటక పిల్లవాడు. 25 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ పెట్టుకున్నాడు. మన హైదరాబాద్ అభిమానులు ఇషాన్ కిషన్‌ను మరిచిపోరు. మొదటి మ్యాచ్‌లోనే 106 నాటౌట్, ఆ 106 కూడా కలుపుకొని సీజన్ మొత్తం 354.

అంటే పత్రిక వద్దనా? తొందరపడకండి. పత్రికలో జనం మొదట చూసేది ర్యాంకుల పట్టిక. మన ఆటకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది అదే. ఎందుకో చెబుతాం.

ఒకటి, ర్యాంకు ఎప్పుడూ ఏదో ఒక పాయింట్ల పద్ధతి మీద కట్టినది. మన పద్ధతి వేరు. 2025లో విరాట్ కోహ్లీ 657 పరుగులు చేశాడు. క్యాచ్‌లు పక్కన పెడితే మన లెక్కలో 657 పాయింట్లు. ప్రసిద్ధ్ 25 వికెట్లకు 625. కోహ్లీ ముందున్నాడు. అదే వికెట్టుకు 30 ఇచ్చే ఆటలో ప్రసిద్ధ్‌కు 750, కోహ్లీని దాటిపోతాడు. వికెట్టుకు 20 ఇస్తే 500, ఎక్కడో వెనక ఉంటాడు. ఆటగాళ్ళు మారలేదు, ఆట మారలేదు, ఒక్క అంకె మారితే వరుస తలకిందులైంది. కాబట్టి ఇంకొకరి పద్ధతికి కట్టిన ర్యాంకు పట్టిక మనకు పక్కింటి చెప్పుల జత లాంటిది. చూడటానికి బాగుంటుంది, కాలికి పట్టదు.

రెండు, మనది వేలం. ఒక ఆటగాడు 20 పాయింట్లకు తగినవాడని పత్రిక రాసిందనుకోండి. ఎనిమిది జట్ల చేతుల్లోనూ అదే పత్రిక ఉంటే వాడి ధర 20 దాకా పోతుంది, పంతం పడితే 25 అవుతుంది. అందరికీ తెలిసిన సంగతితో ఎవరికీ లాభం ఉండదు. జట్టుకొక ప్రతి కొనివ్వడమంటే, సంఘం డబ్బు పెట్టి ధరలు పెంచడమే.

మూడు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మన ఎనిమిది జట్లకు మొత్తం 96 మంది కావాలి. ఐపీఎల్‌లో పది జట్లు. ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపి ఒక మ్యాచ్‌లో జట్టుకు 12 మంది వేసుకున్నా, క్రమంగా ఆడేవాళ్ళు 120 మంది. అందులో 96 మందిని మనమే తీసుకుంటాం. మిగిలేది 24 మంది. కోహ్లీ, బుమ్రా, సూర్యకుమార్ల సంగతి పత్రిక చెప్పాల్సిన పని లేదు, బడి పిల్లలను అడిగినా చెబుతారు. లీగు తేలేది ఆఖరి ముప్పై పేర్ల దగ్గర. చేతిలో మూడు పాయింట్లు మిగిలి, ఇంకా ఇద్దరిని కొనాల్సి వచ్చినప్పుడు, ఆ ఇద్దరూ రోజూ మైదానంలోకి దిగేవాళ్ళా, డగౌట్‌లో కూర్చునేవాళ్ళా అన్నది తెలియాలి. వైభవ్ సూర్యవంశీ అనే 14 ఏళ్ళ పిల్లవాడు 2025 ఏప్రిల్ 28న 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. వేలంలో వాడి పేరు గుర్తుండాలంటే ముందు వాడొకడు ఉన్నాడని తెలియాలి కదా.

పత్రిక విలువ సరిగ్గా ఇక్కడే ఉంది. పది జట్లు, జట్టుకు 25 మంది దాకా పేర్లు, ఎవరు ఓపెనింగ్ దిగుతారు, ఎవరు చివరి ఓవర్లు వేస్తారు, దేశవాళీలో ఎవరు బాగా ఆడారు, ఇదంతా ఒక్కచోట దొరుకుతుంది. పాతబడే భాగం పాతబడనీ, పేర్లూ పాత అంకెలూ పాతబడవు. మిగతాది వేలానికి ముందు వారం దినపత్రికల క్రీడా పేజీలు చూసి సరిచేసుకోవాలి. అంకెలు కావాలంటే క్రిక్‌ఇన్ఫోలో పైసా కట్టకుండా దొరుకుతాయి.

‘అన్నీ ఫోన్లోనే ఉన్నప్పుడు పత్రిక ఎందుకన్నా’ అని పిల్లలు అడుగుతున్నారు. మీకు అక్కరలేదు నాయనా, మీరు రోజుకు మూడు గంటలు అదే చూస్తారు. మన సంఘంలో అరవై దాటిన పెద్దలున్నారు, వంటింటి పని ముగిసేసరికి మ్యాచ్ సగం అయిపోయే అక్కలున్నారు. వాళ్ళు కూడా జట్టు పెట్టుకుంటామంటున్నారు. స్పోర్ట్‌స్టార్ మధ్య పేజీ పోస్టర్లు గోడకు అంటించుకున్న తరం వాళ్ళలో ఉంది. వాళ్ళకు నాలుగు యాప్‌లు తిరగమని చెప్పడం కన్నా బల్ల మీద ఒక పత్రిక పెట్టడం మర్యాద. ఆ ఒక్క కారణానికైనా రెండు ప్రతులు కొనడం న్యాయమే.

ఇక టెలిగ్రామ్ సంగతి. ఇక్కడ మా మాట ఒక్కటే: వద్దు. ‘వరసగా మూడు మ్యాచ్‌లు చెప్పాడు, మూడూ కరెక్ట్’ అంటారు. ఎలా చెబుతాడో చూడండి. 800 మందిని పోగేస్తాడు. సగం మందికి ఈ జట్టు గెలుస్తుందని, సగం మందికి ఆ జట్టని పంపుతాడు. తప్పినవాళ్ళను వదిలేస్తే 400. మళ్ళీ అలాగే, 200. మళ్ళీ, 100. ఆ వంద మందికి వాడు దేవుడు. మిగతా ఏడు వందల మంది గొంతు మనకు వినపడదు. అచ్చులో రాసినవాడికి పేరూ చిరునామా ఉంటాయి, రాసింది ఏడాది తర్వాత తీసి చూపించవచ్చు. చానల్ వాడు రాత్రికి రాత్రి మెసేజ్ చెరిపేస్తాడు.

ఇంకో మాట. సరిహద్దు ఊరివాళ్ళం కాబట్టి మనకు ఇది బాగా తెలుసు. డబ్బులు కట్టి ఆడే యాప్‌లను ఆంధ్రలో 2020లోనే నిషేధించారు. ఇక్కడ 2021లో తెచ్చిన చట్టాన్ని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. గుంతకల్లులో కుదరని పందెం బళ్ళారిలో కుదిరేది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతటా డబ్బు ఆటలు ఆపే దాకా అదే కథ. ఆ మధ్య కాలంలో ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా పోగొట్టుకున్న డబ్బు సంగతి కొన్ని ఇళ్ళకు తెలుసు, పేర్లు చెప్పక్కర్లేదు. మనం పందెం లేని లీగు పెట్టుకున్నదే, పిల్లలకు క్రికెట్ మీదున్న ఇష్టం మిగిలి, ఆ జబ్బు పోవాలని. ఇప్పుడు ‘టిప్’ కోసం డబ్బు కట్టడం మొదలుపెడితే, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆశ వెనకే వస్తుంది. ముందు వాకిలి మూసి పెరటి తలుపు తీసినట్టు అవుతుంది.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఎనిమిది కాదు, రెండు ప్రతులు కొందాం. సంఘం గదిలో బల్ల మీద ఉంచుదాం, ఇంటికి తీసుకుపోరాదు. మిగిలిన డబ్బుతో మన సొంత కాగితం వేద్దాం. ఒక్కో జట్టువాళ్ళు ఐపీఎల్ జట్టొకటి పంచుకుని, మిగిలిన రెండూ పెద్దలు చూసుకుని, ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు అని నాలుగు నాలుగు వాక్యాలు తెలుగులో రాయాలి. మన పిల్లల్లో చాలామంది కన్నడ, ఇంగ్లీషు మీడియం చదువులు. తెలుగు మాట వస్తుంది, రాత రాదు. క్రికెట్ పేరు చెబితే రాస్తారు. పెద్దలు దిద్దుతారు. జిరాక్స్ తీసి వేలానికి వారం ముందు అందరికీ పంచుదాం. మన పాయింట్ల పద్ధతికి సరిపోయే పత్రిక ప్రపంచంలో అదొక్కటే అవుతుంది.

సీజన్ అయిపోయాక ఆ పాత ప్రతులను అమ్మేయకండి. ఎరుపు పెన్నుతో ఏవి నిజమయ్యాయో, ఏవి కాలేదో గుర్తు పెడదాం. పై ఏడాది ఇంకో పత్రిక కొనాలా వద్దా అన్నది ఆ పాత కాగితమే చెబుతుంది.

ఒప్పుకునేవాళ్ళు కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళు కారణంతో రాయండి. సర్వసభ్య సమావేశంలో తేల్చేద్దాం. బెంగళూరు వాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు ఆ రోజుకు మాత్రం కొట్టుకోకుండా ఒకే వరుసలో కూర్చోవాలని మనవి.