మబ్బును నమ్మి ముంత నొలకబోసికొందుమా?

ఈ సామెత ఆదోని సీమవారికి క్రొత్తది కాదు. నేడు మన సంఘములును, వర్తకులును తమ లెక్కలను “క్లౌడు”నకు అప్పగించుట చవుక యని బోధించువారు బయలుదేరినారు. క్లౌడనగా పరాయి యింటి యంత్రమే. చవుకయే కావచ్చును, తాళపుచెవి యెవరిది? 2025 జూలైలో ఐరోపా సమాఖ్య యాంక్షల పేరిట మైక్రోసాఫ్టు నయారా యను మనదేశపు చమురు కంపెనీకి సేవలను నిలిపివేసెను. సొమ్ము చెల్లించిన కంపెనీయే ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. పిమ్మటనే సేవలు తిరిగి లభించెను. విశాఖలో గూగులు కేంద్రము వెలసినను ఈ భయము తీరదు: 2018 నాటి అమెరికా క్లౌడు చట్టము ప్రకారము, న్యాయస్థానపు టాజ్ఞ వెలువడినచో, సమాచార మేదేశమున నున్నను అమెరికా కంపెనీ దాని నప్పగింప బద్ధురాలు.

సొంత సర్వరుకు పెట్టుబడి, విద్యుత్తు, నిపుణుడు కావలెనందురు. నిజమే. ఒంటరి నేతగానికి నూలు కొనుటయు భారమే. కనుకనే 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు నేతగాండ్రను సహకార సంఘముగా కూర్చిరి. ఆ మార్గమే నేడును శరణ్యము: పది సంఘములకు ఉమ్మడిగా ఒక సర్వరు, ఒక నిపుణుడు, పొరుగూర భద్రపరచిన మరియొక ప్రతి. ప్రకటనలు అద్దెయింట నుండవచ్చును. ఖాతాలును, సభ్యుల పట్టీలును మన యధీనము తప్పరాదు. రానున్న సర్వసభ్య సమావేశములలో ఈ తీర్మానము చేయుడు.